బ్రేకు ఆయిలూ, వారంటీ బెదిరింపూ

కారు కొన్నవారికి తాళాలతోపాటు ఇచ్చే పుస్తకంలో, బ్రేకు ఫ్లూయిడ్‌ను గడువు ప్రకారం మార్చవలెనన్న నిబంధన ఒక మూలన ఉంటుంది. సాధారణంగా ఆ గడువు రెండేళ్ళు. మెకానిక్కులు బ్రేకు ఆయిల్ అనేది దీనినే. ఈ చిన్న పని బయటి షెడ్డులో చేయిస్తే వారంటీ రద్దవుతుందా అన్న ప్రశ్నకు ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ 2014లోనే సమాధానమిచ్చింది. ఆ సంగతి ఎరిగిన యజమానులు బహు కొద్దిమంది.

పేరుకు ఆయిలే గాని, అది గాలిలోని తేమను పీల్చుకునే గ్లైకాల్ జాతి ద్రవం. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్‌కు లోపల మరగరాదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరిందా, ఆ హద్దు 155కు దిగిపోతుంది. ముస్సోరీ నుంచి డెహ్రాడూన్‌కో, తిరుమల నుంచి తిరుపతికో గేరు తగ్గించకుండా బ్రేకు మీదనే కాలు మోపి దిగితే, ఆ వేడికి పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం ఒత్తిడికి కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. పెడలు కిందికి పోతుంది, బండి ఆగదు. బండి ఎక్కువ తిరగలేదు గదా అని వాయిదా వేయడం తగదు. ఇంటిముందు నిలిచి ఉన్న కారులోనూ తేమ చేరుతూనే ఉంటుంది.

ఈ ఖర్చును వారంటీ సాధారణంగా భరించదు. ఉచిత సర్వీసు అన్నా కూలి వరకే ఉచితం. అయినా ఆ పని జరిగినట్లు రుజువు లేకుంటే, రేపు బ్రేకులలో లోపం తలెత్తినప్పుడు వారంటీ నిరాకరణకు అదే సాకవుతుంది. అందుచేతనే “బయట చేయిస్తే వారంటీ పోతుంది” అన్న డీలరు మాటకు యజమాని జంకుతాడు.

ఒక వినియోగదారుడు 2011లో మూడు కంపెనీలపై చేసిన ఫిర్యాదు క్రమంగా విస్తరించి, 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానాగా పరిణమించింది. విడిభాగాలను, పరీక్షా సాధనాలను స్వతంత్ర మెకానిక్కులకు అందుబాటులో ఉంచవలెనని కమిషన్ ఆదేశించింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తంగా రద్దు చేయరాదనీ, ఆ లోపభూయిష్ఠమైన పనివల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చుననీ స్పష్టం చేసింది. మూడు కంపెనీల అప్పీళ్ళపై ట్రిబ్యునల్ 2016లో జరిమానా లెక్కను తగ్గించింది గాని, దోష నిర్ధారణను తోసిపుచ్చలేదు.

నకిలీ సరుకు, శిక్షణలేని చేతులు ప్రమాదకరమని కంపెనీల వాదన. కాశ్మీరీ గేటు విడిభాగాల బజారు ఎరిగినవారు ఇందులో సత్యం లేదనలేరు. అయితే ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లలో బ్రేకు గొట్టాల నుంచి గాలిని పూర్తిగా తీయడానికి ప్రత్యేక యంత్రం కావాలి. దానిని డీలరుకే పరిమితం చేసి, బయటివానికి పని చేతకాదనడం ఏమి న్యాయం?

అమెరికన్ కాంగ్రెసు 1975లోనే చట్టం చేసి, ఉచితంగా ఇస్తే తప్ప ఫలానా కంపెనీ వస్తువో సేవో వాడితేనే వారంటీ అనే షరతును సూత్రప్రాయంగా నిషేధించింది. మన పార్లమెంటు 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపాలున్న వాహనాలను కంపెనీచేత వెనక్కి తీసుకొనేలా ఆదేశించే అధికారాన్ని కేంద్రానికిచ్చింది. మరమ్మతు హక్కు వద్దకు వచ్చేసరికి అడుగు ముందుకు పడలేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీని వేసింది. డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. నాలుగు రంగాలలో మోటారు వాహనాలూ ఒకటి. పోర్టల్ సమాచారం ఇస్తుందే గాని, బెదిరించిన డీలరును శిక్షించదు.

ఈలోగా యజమాని చేయగలిగింది లేకపోలేదు. బయట పని చేయించినప్పుడు తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోసిన ద్రవం రకం రాసిన బిల్లు తీసుకోవాలి. వారంటీ రద్దయిందని డీలరు అంటే, కారణంతో సహా రాసిమ్మని అడగాలి. రాసివ్వకపోయినా, రాసిచ్చిన కారణం సబబుగా లేకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.