పాతచీరల బొంత

చిరిగిన చీరను మీరేమి చేయుచున్నారు? ఈ ప్రశ్న మిమ్ము నవ్వించవచ్చును. నేడు గంప నెత్తిన బెట్టుకొని వీధివీధి తిరుగునామె పాతచీరలు పదింటిని పుచ్చుకొని, యొక స్టీలుగిన్నె నిచ్చి పోవును. గిన్నె మన యింట మిగులును. చీర యెచటికి బోయెనో మన మెరుగము. మన తల్లులు ఇట్టి బేర మాడినవారు కారు. వారి కాలమున చీరకు మూడు జన్మము లుండెడివి. మొదట కట్టుబట్ట, పిదప పసిబిడ్డకు ఉయ్యాల, తుదకు బొంత. ఆ మూడవ జన్మమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటకే మేమీ వ్యాసమునకు బూనితిమి.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు త్రోవలో అడవి దగ్గరపడిన కొలది చలికాలపు రాత్రులు కఠినమగును. గుడిసెల ముంగిట నెగళ్లు వేసికొని జనులు తెల్లవారునందాక వాని చుట్టు ఒదిగి పరుందురు. కలవారికి దూదిపరుపులును, బూరుగుదూది తలగడలును ఉండును. లేనివారికి పరుపును బొంతయే, దుప్పటియు బొంతయే. దూదేకులవారు వింటితో నేకి నింపిన పరుపునకును బొంతకును భేదము కలదు. బొంతలో దూది యుండదు. పాతబట్టపై పాతబట్ట పరచి దగ్గరదగ్గరగా వేసిన కుట్టే దాని బలము, ఆ బట్టల మెత్తదనమే దాని వెచ్చన.

మా యూర బొంతలు కుట్టు పెద్దమ్మ యొకతె కలదు. డెబ్బదియేండ్లు దాటిన మనిషి. అక్షర మెరుగదు. అయినను గుడ్డముక్కలను గూర్చుటలో ఆమె నేర్పును జూచినపుడెల్ల మాకు పద్యమందలి యతిప్రాసల పొందిక జ్ఞప్తికి వచ్చును. ఆమె మూట విప్పగనే సూది పట్టదు. ఒక్కొక్క బట్టను చేతులలోనికి తీసికొని, "ఎవరి చీరె బిడ్డా ఇది?" యని యడుగును. తల్లి చీరయైనచో బిడ్డ యొంటికి తగులు వైపున పరచును. అమ్మమ్మ చీర మరింత నలిగి మెత్తబడినది గావున తల యానుచోట దానిని కూర్చును. తండ్రి పంచెలు లోపొరలగును. చేయి తగిలి మాయు మూలలకు ముదురెరుపు ముక్కలు, నాలుగు ప్రక్కల చీరల అంచులు. అంచు నేతయందే గట్టిది గావున ఒరపిడి కోర్చుకొనును. చూచువారికి ఇది యంతయు అలంకారముగ దోచును గాని, అందు కారణము లేని రంగు ఒక్కటియు లేదు.

కుట్టు విధానము వినుడు. ముందుగా బట్టలను వేడినీట నానబెట్టి, గంజి యంతయు పోవునట్లు ఉతికి, మంచి యెండలో నార్చవలెను. చివికినచోట్లను కత్తిరించి తీసివేయవలెను. నేల నలికి ఆరిన పిమ్మట అడుగుచీరను ముడుత లేకుండ పరచి, మూలల రోకలిని, పొత్రమును బరువుగ నుంచి, దానిపై లోపొరలను, అన్నిటిపైన ముక్కల కూర్పును పరచవలెను. చిన్నబొంతకు మూడు పొరలు చాలును. పెద్దదానికి ఆరేడు కావలెను. పొరలు కదలకుండ జానెడేసి యెడమున పొడవు కుట్లు వేసి, అప్పుడు అసలు కుట్టునకు పూనుకొనవలెను. ఒక కొసనుండి మరియొక కొసకు, దున్నిన చాళ్లవలె వరుసలు సాగును. కుట్టు బియ్యపుగింజను మించరాదు. ప్రతి వరుసకును అరచేతితో బట్టను నిమిరి ముడుతను ముందునకు త్రోయవలెను. పెద్దబొంత యొకటి ముగియుటకు నెలదినముల మధ్యాహ్నములు పట్టును.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. సంస్కృతమున దీనికి 'కంథ' యని పేరు. వంగదేశపు స్త్రీలు పాతచీరలపై బొమ్మలు కుట్టు 'కాంథా'కును ఈ పేరే మూలమని చెప్పుదురు. బౌద్ధభిక్షువుల కాషాయమును ముక్కలు ముక్కలుగ కత్తిరించి అతికినదే. మగధదేశపు పొలముల గట్లను జూపి, అట్టి కూర్పున చీవరమును కుట్టుమని బుద్ధుడు ఆనందునితో చెప్పినట్లు వినయపిటకమున నున్నది. ఖమ్మమునకు సమీపమున, భక్త రామదాసు పుట్టిన నేలకొండపల్లిలో, నేటికిని బౌద్ధస్తూపము కలదు. అచట వసించిన భిక్షువులును అతుకుల వస్త్రమునే ధరించి యుందురు గదా! మన లోకోక్తులయందును బొంతకు చోటు కలదు. ఈడుజోడు కుదిరిన దంపతులను జూచి 'గంతకు తగిన బొంత' యని మన ముత్తైదువలు నవ్వుకొనుట వినని వారెవరు?

ఇల్లెందు, జూలూరుపాడు ప్రాంతముల తండాలలో లంబాడీ సోదరీమణుల సూదిపని మరియొక తీరున నుండును. వారి పూర్వులు ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోసికొని దేశదేశములు తిరిగినవారు. ఫేటియా యను పావడపైనను, కాంచళి యను రవికెపైనను అద్దములను, గవ్వలను పొదిగి వారు వేయు కుట్లు చూపరుల కన్నుల నాకర్షించును. కన్నడదేశమున బళ్లారి జిల్లాలోని సండూరు లంబాడీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపీలో జీ-20 సమావేశము జరిగినపుడు, సండూరు స్త్రీలు 450 మందికి పైగా చేసిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శింపగా గిన్నిస్ పుస్తకమున కెక్కినది. మన తండాల చేతులు ఆ చేతులకు తీసిపోవు. చూచువారే తక్కువ.

తూర్పుతీరపు బట్టకు సముద్రముల కావలను బొంత జన్మము ప్రాప్తించినది. మచిలీపట్టణపు రేవునుండి చిరువేరు ఎరుపుతో మెరయు అద్దకపు బట్టలు పడమటి దేశములకు ఓడలపై పోయెడివి. వాని మోజునకు తమ నేతగాండ్రు చెడుచున్నారని ఫ్రాన్సువారు 1686లో వానిని నిషేధించిరి. ఇంగ్లండువారు 1721లో వాని ధారణమునే మాన్పిరి. అయినను అచటి స్త్రీలు దొరకిన తునకను పారవేయక దాచుకొనిరి. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అను భవనమున 1708 ప్రాంతమున కుట్టిన అతుకుల బొంత యొకటి నేటికిని కలదు. దానియందలి ముక్కలు హిందూదేశపు అద్దకపు బట్టలే.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లె కలదు. అచటి నల్లజాతి స్త్రీలు, బానిసలుగ బ్రతికినవారి సంతతి, చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టుకొనెడివారు. 1942లో మిస్సోరి పెట్వే యనునామె, భర్త గతించిన పిమ్మట అతని పనిబట్టలన్నిటిని కత్తిరించి బొంతగ కుట్టినది. భర్తను తలచుకొని దాని క్రింద పరుండుటకే తల్లి దానిని కుట్టినదని కుమార్తె తరువాత చెప్పెను. 2002లో ఆ పల్లె బొంతలను హూస్టను, న్యూయార్కు నగరముల ప్రదర్శనశాలలలో గోడలకు వ్రేలాడదీసిరి. 2006లో వానిని తపాలాబిళ్లలపై ముద్రించిరి. ఆ కథ చదివినపుడు మాకు మా పెద్దమ్మ ప్రశ్నయే వినవచ్చెను. ఎవరి చీర ఇది?

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలెను. పండ్రెండేండ్ల క్రిందట పెద్దమ్మచే బొంత కుట్టించుకొని, కూలి యిచ్చునపుడు, "అంగడిలో కొత్త దుప్పటియే ఇంతకు వచ్చును గదా" యని బేరమాడితిమి. ఆమె మారు పలుకక ఇచ్చినది పుచ్చుకొని పోయెను. ఆ నెలరోజుల కుట్టునకు మేమిచ్చినది రోజునకెంత పడెనో లెక్కించుకొన్నపుడు తలవంపు గలిగినది. అటుపిమ్మట అంగడి దుప్పట్లు మా యింట మూడు మారినవి. బొంత మాత్రము అట్లే యున్నది.

2022 జూలైలో గోదావరి పొంగి భద్రాచలముకడ 71.3 అడుగుల కెక్కిన సంగతి మీరెరుగుదురు. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి నీరు మరల రాలేదు. ఆ దినములలో మేము కొందరు స్త్రీలతో గూడి, అన్నపు పొట్లములు తీసికొని, వరదబాధితు లున్న యొక బడికి పోయితిమి. అరుగుపై నొక యిల్లాలు నీరోడుచున్న మూటను ఒడిలో బెట్టుకొని కూర్చుండెను. కొత్తదుప్పటి ప్రక్కన మడత విప్పకయే యుండెను. "దుప్పటి ఇచ్చిరి గదమ్మా, ఆ బురదమూట యెందుకు?" అని మాలో నొకతె యడిగెను.

"మా అమ్మ చీరెతో కుట్టిన బొంతమ్మా. అమ్మ లేదు. ఇంకో చీరె గూడ లేదు" అని యామె చెప్పెను.

ఆ మూటను మాతో దెచ్చి పెద్దమ్మ కిచ్చితిమి. ఆమె కుట్లన్నియు విప్పెను. లోపొరలు ఒండ్రుతో కుళ్లిపోయినవి. పైచీర సగము చెడినది. ఏడెనిమిది మారులు ఉతికి, చెడినదానిని తీసివేసి, మిగిలిన ముక్కలకు క్రొత్త లోపొరలు చేర్చి మరల కుట్టెను. ఇద్దరు కప్పుకొనదగిన బొంత పసిబిడ్డ బొంతయైనది. "చిన్నదైంది గని పోలేదు బిడ్డా" యని మా చేతిలో బెట్టి, కూలి పుచ్చుకొనలేదు. పుట్టినబిడ్డల బొంతకును ఆమె కూలి యెన్నడు నడుగదు. కొబ్బరికాయయు రవికెగుడ్డయు నిచ్చిన చాలును.

కుట్టుచేతులు లేక బొంతలు తగ్గుచున్నవని పలువురు తలంతురు. పెద్దమ్మ మాట వేరు. "చేతులున్నయి బిడ్డా, చీరెలే లేవు" అని యామె యనును. ఇది విచారింపదగిన మాట. ఖమ్మము చుట్టుపట్ల ఎటుచూచినను పత్తిచేలే. కాని ఆ పత్తి నేరిన స్త్రీ యొంటిపై నున్నది పాలియెస్టరు చీర. అది చౌక, త్వరగా ఆరును, ఇస్త్రీ యక్కరలేదు. కాయకష్టము చేయు వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. కాని ఆ చీర పాతబడినను మెత్తబడదు. చెమట పీల్చదు. సూదిక్రింద జారిపోవును. నెగడునుండి రవ్వ యెగిరి పడినచో కరగి చర్మమున కంటుకొనును. దానితో కుట్టిన బొంతను పసిబిడ్డపై కప్పుటకు పెద్దమ్మ యొప్పుకొనదు. మేమును ఒప్పుకొనము.

ఈ కారణమున మా వీధిస్త్రీలము మూడేండ్లనుండి యొక చిన్నయేర్పాటు చేసికొంటిమి. ఒక చెక్కపెట్టె నుంచి, ఎవరింట నూలుబట్ట పాతబడినను అందులో వేయుదుము. కార్తికమాసమున పెద్దమ్మ చెంత గూర్చుండి అందరమును కుట్టుదుము. ఇప్పుడామెకు తగిన కూలి ముందే యిచ్చుచున్నాము. ఆమె పుచ్చుకొననిది బిడ్డబొంతల కూలి మాత్రమే. బిడ్డబొంతలు చుట్టుపట్ల తండాలలోను, కోయగూడెములలోను పురుడు వచ్చిన యిండ్లకు పోవును. పెద్దబొంత నొకదానిని బట్ట లిచ్చినవారి పేరుల చీట్లు వేసి, పేరు వచ్చినవారికి కానుకగ నిత్తుము. ఈ యేడు చీటీ వచ్చినామె పెట్టెలో వేసినది ఒక్క పాతపంచె మాత్రమే. పెనిమిటిది. బొంత చేతికి రాగానే ఆమె మొదట వెదకినది ఆ పంచె ముక్కనే. పెట్టె మాత్రము ఏటేట బరువెక్కుచున్నను, నూలుచీరలు అడుగున నాలుగైదు తప్ప కనబడుట లేదు.

చదువరులైన సోదరీమణులకు చీటీ లేకయే మేమీయగల కానుక యొకటి కలదు. అది బిడ్డబొంత కొలత. పొడవు గజమున్నర, వెడల్పు గజము. మూడు పొరలు చాలును. అన్నియు నూలువే కావలెను, అన్నియు కట్టి నలిగినవే కావలెను. పైచెప్పిన రీతిని ఉతికి, పరచి, వరుసలు అంగుళమునకు రెండు పడునట్లు కుట్టుడు. అద్దములు, పూసలు, గుండీలు బిడ్డబొంతకు తగవు. వారమున కొకమారు రెండువైపుల ఎండ తగులునట్లు ఆరవేయుడు. ఉతికిన పిమ్మట లోపొరల తడి పూర్తిగ ఆరనిదే మడువకుడు.

అన్నిటికంటె ముందు మీ పెట్టె తెరచి చూడుడు. మీ తల్లి కట్టిన నూలుచీర యొక్కటియైన నున్నచో గిన్నెకు మార్చుకొనకుడు. ఒకనాడు మీ మనుమరాలు బొంత తడవి "ఇది ఎవరి చీర?" అని యడిగినచో, చెప్పుటకు మీ కొక పేరుండవలెను.