రోల్స్‌రాయిస్ నుంచి రెండు వేల రూపాయల కారు దాకా

కార్ల చరిత్రలో రికార్డులు రెండు రకాలు. బండి పరుగు మీద వచ్చినవి కొన్ని, బండి తయారు చేసినవాడి పట్టుదల మీద వచ్చినవి కొన్ని. రోల్స్‌రాయిస్ పేరు చెప్పగానే మనకు రాజులు, నవాబులు గుర్తొస్తారు గానీ, ఆ పేరు వెనక ఉన్నది ఒక మెకానిక్కు. అలాంటి మెకానిక్కులు మనవాళ్ళలోనూ పుట్టారు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా కోయంబత్తూరు ప్రాంతపు కొంగునాడుకు, మదురై సీమకు వలస వెళ్ళి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ తరాలు గడిపిన కుటుంబాల్లో పుట్టారు. లండన్ నుంచి హైదరాబాదు మీదుగా కోయంబత్తూరు దాకా ఆ చక్రాల విశేషాలు కొన్ని ఇవి.

పేపర్లు అమ్మిన కుర్రాడి కారు

హెన్రీ రాయిస్‌కు తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. కడుపు నింపుకోవడానికి పత్రికలు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. బడి చదువు ఏడాదో రెండేళ్ళో. రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకుని, మాంచెస్టర్‌లో చిన్న విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. 1903లో ఫ్రాన్సులో తయారైన ఒక డెకోవిల్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని పనితనం అతనికి నచ్చలేదు. విప్పి చూశాడు, లోపాలు పట్టుకున్నాడు, 1904 ఏప్రిల్ 1న తన సొంత కారునే రోడ్డెక్కించాడు.

చార్లెస్ రోల్స్ ప్రభువుల ఇంటి బిడ్డ. లండన్‌లో విదేశీ కార్లు అమ్మేవాడు. స్వదేశంలో తయారైన మంచి కారు ఒక్కటీ దొరకడం లేదని అతని బాధ. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరూ కలిశారు. రాయిస్ ఎన్ని కార్లు చేస్తే అన్నీ తానే అమ్ముతానని రోల్స్ మాట ఇచ్చాడు. ప్రపంచంలో అత్యంత పేరున్న కార్ల కంపెనీ అలా పుట్టింది. ఆరేళ్ళకే, 1910లో, రోల్స్ విమాన ప్రమాదంలో పోయాడు. ఇంజను విమానం కూలి మరణించిన మొదటి బ్రిటిష్ పౌరుడు అతనే.

దారిలో మొరాయించింది ఒక్కసారే

వెండి రంగు పూసి, తళతళలాడే అమరికలతో 1907లో తయారైన రోల్స్‌రాయిస్ 40/50 కారుకు ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పెట్టారు. కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ దాన్ని పరీక్షకు పెట్టాడు. లండన్, గ్లాస్గోల మధ్య పగలూ రాత్రీ తిప్పుతూ మొత్తం 15,000 మైళ్ళు నడిపారు. అంటే 24 వేల కిలోమీటర్ల పైమాటే. అంత దూరంలో కారు తనంతట తాను ఆగింది ఒక్కసారే. కుదుపులకు పెట్రోలు కుళాయి మూసుకుపోయింది. తిప్పగానే మళ్ళీ కదిలింది. చివర్లో అరిగిన భాగాలు మార్చడానికి అయిన ఖర్చు రెండు పౌండ్ల చిల్లర. బానెట్టు మీద రెక్కలు విప్పిన బొమ్మ 1911 దాకా లేనేలేదు. చార్లెస్ సైక్స్ అనే శిల్పి దాన్ని మలిచే నాటికే కారుకు రావలసిన పేరు వచ్చేసింది.

రోడ్డు పెద్దగా ఎరగని రోల్స్‌రాయిస్

అదే సిల్వర్ ఘోస్ట్ రకం కారు ఒకటి మన హైదరాబాదుకు వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో దాన్ని ఆర్డరు చేశాడు. లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. పసుపు రంగు, వెనక సీటు స్థానంలో సింహాసనంలా ఎత్తయిన ఆసనం. కారు చేతికి అందకుండానే ఆ ఏడాది ఆగస్టులో నిజాం కన్నుమూశాడు. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ఊరేగింపులకే వాడాడు. ప్రపంచ ధనికుడిగా 1937లో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన ఆ ఏడో నిజాం హయాంలో, ఈ కారు మీటరు నాలుగు వందల మైళ్ళు కూడా దాటలేదు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుంది. పరుగుతో పేరు తెచ్చుకున్న కారు, మనదాకా వచ్చేసరికి కదలకుండానే పేరు తెచ్చుకుంది!

కారు కంటే ముందు బాట

మదురైలో చక్రాల కథ కార్లతో మొదలవలేదు. తెలుగు నాయక రాజవంశంలో రాణి మంగమ్మ 1689 నుంచి 18వ శతాబ్ది తొలి ఏళ్ళ దాకా మనవడి తరఫున రాజ్యం ఏలింది. కన్యాకుమారి వైపు సాగే బాటలు వేయించి, నీడకు చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందని తమిళనాట పేరు. దక్షిణాదిన పాత బాటను నేటికీ ‘మంగమ్మాళ్ సాలై’ అనే పిలిచే ఊళ్ళున్నాయి. మదురై రైల్వే స్టేషన్ ఎదుట ఆమె పేరు మీదే సత్రం ఉంది. ఆ మదురై నుంచే 1912 ప్రాంతంలో తమిళుడైన టి.వి. సుందరం అయ్యంగారు బస్సులు నడపడం మొదలుపెట్టాడు. ఈనాటి టి.వి.ఎస్. సంస్థలన్నిటికీ మూలం అదే.

ఒక్క బస్సు నుంచి 280 బస్సులకు

కోయంబత్తూరు దగ్గర సూలూరు పక్కన కలంగల్ అనే పల్లె. 1893 మార్చి 23న అక్కడి తెలుగు రైతు కుటుంబంలో గోపాలస్వామి దొరైస్వామి నాయుడు పుట్టారు. లోకానికి ఆయన జి.డి. నాయుడు. చదువు అంటని పిల్లవాడు. ఒక తెల్ల అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద ఆ పల్లెకు వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా నడిచే ఆ బండిని చూశాక నాయుడికి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు వెళ్ళి, హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నారు. కొన్నది ఊరేగడానికి కాదు. మరమరా విప్పి, మళ్ళీ బిగించి, మెకానిక్కు పని నేర్చుకున్నారు. మాంచెస్టర్‌లో డెకోవిల్‌కు పట్టిన గతే ఇక్కడ రడ్జ్‌కూ పట్టింది.

కోయంబత్తూరులో పేరున్న వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆ కుర్రాడిలో పస చూసి 4,000 రూపాయలు అప్పిచ్చాడు. 1920లో నాయుడు ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి, పళనిల మధ్య సర్వీసు మొదలుపెట్టారు. పదమూడేళ్ళు తిరిగేసరికి యూనివర్సల్ మోటార్ సర్వీస్ పేరుతో ఆయన బస్సులు 280. దేశంలోనే పెద్ద బస్సు సంస్థల్లో అదొకటి అయింది.

పీలమేడులో పుట్టిన మోటారు

కోయంబత్తూరు పక్కన పీలమేడు ఒకప్పుడు నాయుళ్ళ పల్లె. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు తమ ఆస్తిలో భాగం పక్కన పెట్టి పి.ఎస్.జి. ధర్మసంస్థను నెలకొల్పిందీ, ఇంజనీరింగ్ విద్యకు పేరుపడిన కాలేజీ వెలసిందీ అక్కడే. 1937లో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి అక్కడే తొలి స్వదేశీ విద్యుత్ మోటారు తయారు చేశారు. బాలసుందరం నాయుడు ఆ తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టారు. పత్తి మిల్లులకు పేరుబడ్డ ఊరు మోటార్లకూ పంపులకూ కేంద్రం కావడానికి పునాది పీలమేడులో పడింది. దేశంలో ఏ మూల బోరు వేసినా కోయంబత్తూరు పంపు మాట రాకుండా ఉండదు.

అన్నిటికన్నా చవక కారు

1952లో జి.డి. నాయుడు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర 2,000 రూపాయలు! కార్లు జమీందార్లకూ మిల్లు యజమానులకూ మాత్రమే అందే రోజులవి. పైగా పరిశ్రమల నియంత్రణ చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది. ఏం తయారు చేయాలన్నా ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. నాయుడికి అది రాలేదు. ఉత్పత్తి ఆగిపోయింది. మధ్యతరగతికి అందే చిన్న కారుగా మారుతి 800 రోడ్డెక్కడానికి 1983 డిసెంబరు దాకా, లక్ష రూపాయల నానో రావడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది.

రాయిస్ కథకూ దీనికీ తేడా ఎక్కడుందో ఇక్కడ తెలుస్తుంది. ఇద్దరూ పరాయివాడి బండి విప్పి చూసి నేర్చుకున్నవాళ్ళే. రాయిస్ తన షెడ్డులో కారు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. నెల తిరిగేసరికి అన్నీ అమ్మిపెడతానని రోల్స్ ఎదురొచ్చాడు. నాయుడి కారుకు ఎదురొచ్చింది దరఖాస్తు ఫారం.

మరికొన్ని నాయుడి వింతలు

► కారు ఒక్కటే కాదు, 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేసి ఇవ్వగలనని ఆయన ప్రకటించారు.

► బ్యాటరీతో నడిచే ‘రసంత్’ క్షౌర యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే పరికరం, మోసానికి వీలులేని ఓటు యంత్రం ఆయన బుర్రలోంచి వచ్చినవే. 1936 ఎన్నికల్లో స్వయంగా నిలబడి ఓడిపోయారు కూడా!

► 1967లో ఉదయం ఆరింటికి పునాది తీసి, సాయంత్రం అయిదింటికల్లా ఇల్లు పూర్తి చేశారు. మొత్తం 11 గంటలు.

► మనసు యంత్రాల మీదే కాదు, పొలం మీదా ఉండేది. పత్తిలో, బొప్పాయిలో కొత్త రకాలు పండించారు.

మారుతి ఇంజనుతో రేసు కారు

రేసు కారంటే విదేశాల నుంచి తెప్పించుకునే ధనవంతుల సరదా అనుకునే రోజుల్లో ఎస్. కరివర్ధన్ దాన్ని కోయంబత్తూరు వర్క్‌షాపులోకి దించాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబం అతనిది. 1980ల చివర్లో మారుతి 800 ఇంజను పెట్టి, ఒకే సీటుతో, తక్కువ ఖర్చులో ‘ఫార్ములా మారుతి’ కారు రూపొందించాడు. మూడు సిలిండర్ల, 796 సీసీల ఆ చిన్న ఇంజనే ఒక తరం భారతీయ డ్రైవర్లకు ఓనమాలు దిద్దించింది. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో మరణించాడు. చార్లెస్ రోల్స్‌దీ అదే రకం చావు. కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో 2003లో తెరిచిన 2.1 కిలోమీటర్ల రేస్ ట్రాక్‌కు అతని పేరే పెట్టారు: కరి మోటార్ స్పీడ్‌వే.

ఆరు కార్ల పందెంలో నాలుగో స్థానం

1977 జనవరి 14న, సంక్రాంతి నాడు, కోయంబత్తూరు కుటుంబంలో నరేన్ కార్తికేయన్ పుట్టాడు. తండ్రి దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచిన డ్రైవరు. కొడుకు తొలి పందెం శ్రీపెరుంబుదూరులో, కరివర్ధన్ చేసిన ఫార్ములా మారుతి తరగతిలోనే. మొదటిసారే మొదటి ముగ్గురిలో నిలిచాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ జట్టు తరఫున దిగి, ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడయ్యాడు.

అదే ఏడాది జూన్‌లో ఇండియానాపోలిస్‌లో జరిగింది ఫార్ములా వన్ చరిత్రలోనే విచిత్రమైన పందెం. మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్‌కు సురక్షితం కావని తేలడంతో 14 కార్లు సన్నాహక ల్యాప్ కాగానే లోపలికి వెళ్ళిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే మిగిలాయి. వాటిలో నరేన్‌ది నాలుగో స్థానం, అయిదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో అతనికి దక్కిన పాయింట్లు అవే. వచ్చిన దారి వింతదైనా, భారతీయుడు సాధించిన తొలి పాయింట్లు కూడా అవే.

తొలి కారు చూడాలంటే

కార్ల చరిత్రకంతటికీ మొదలు 1886 జనవరి 29. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 37435 నంబరు పేటెంటు కోసం దరఖాస్తు చేసిన రోజు. రెండేళ్ళకు అతని భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా కొడుకులిద్దరినీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా నడుపుకెళ్ళింది. మధ్యలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది. లోకంలో తొలి దూర ప్రయాణపు డ్రైవరు ఒక ఇల్లాలు! ‘మెర్సిడెస్’ కూడా ఆడపిల్ల పేరే. డెయిమ్లర్ కార్లు అమ్మిన ఎమిల్ యెలినెక్ 1901లో కొత్త కారుకు తన కూతురి పేరు పెట్టించాడు.

ఆ మూడు చక్రాల బెంజ్ నమూనా చూడాలంటే జర్మనీ పోనక్కర్లేదు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో, జి.డి. నాయుడు పేరిట నడిచే ధర్మసంస్థ 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియంలో ఉంది. ఆ రోడ్డు మీదే 2025 అక్టోబరులో తెరిచిన 10.1 కిలోమీటర్ల పై వంతెన తమిళనాడులోకెల్లా పొడవైనది. దానికి జి.డి. నాయుడి పేరే పెట్టారు.

కొసమెరుపు

బడి ఎగ్గొట్టిన జి.డి. నాయుడు 1945లో ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు! కోయంబత్తూరులో ఆయన చొరవ, విరాళాలతో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద వెలసిన ఆ కాలేజీయే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ఇంజనీరు కావడానికి నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలునని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రిన్సిపాల్ గారు రాజీనామా చేసి ఇంటికి వెళ్ళిపోయారు.