జాకీ, స్పానర్, ఒక కుటుంబం

పంచరు షాపులో కారు టైరు మార్చడం మనందరం చూసే ఉంటాం. జాకీ పెట్టాలి, నట్లు వదులు చెయ్యాలి, స్టెప్నీ దించాలి, మళ్ళీ బిగించాలి. కుర్రాడు చురుకైనవాడైతే పది నిమిషాలు. కాకపోతే మనం వెళ్ళి టీ తాగి రావచ్చు. అమెరికాలో జరిగే స్టాక్ కార్ రేసుల్లో మాత్రం ఇవాళ నాలుగు టైర్లూ పది సెకన్లకు అటూ ఇటూగా మార్చేస్తారు. ఈ వేగానికి దారి వేసినవాళ్ళుగా అక్కడ అందరూ చెప్పే పేరు ఏ పెద్ద కంపెనీదీ కాదు. కలప కొట్టి బతికిన ఒక చిన్న ఊరి అన్నదమ్ములది: వుడ్ బ్రదర్స్.

స్టాక్ కార్ అంటే మొదట్లో అర్థం చాలా మామూలుది. షాపులో స్టాకు ఉన్న కారు, అంటే మీరూ నేనూ కొనుక్కోగలిగే కారు. దాన్నే కాస్త బలంగా చేసి రేసులో దింపేవారు. ఈ రేసుల్ని నడిపే నాస్కార్ సంస్థ 1948లో పుట్టింది. అది పుట్టిన రెండేళ్ళకే, 1950లో, వర్జీనియా రాష్ట్రంలోని స్టువర్ట్ అనే కొండవాలు ఊళ్ళో గ్లెన్ వుడ్ తన తమ్ముళ్ళతో కలిసి ఒక పాత ఫోర్డ్ కారు పట్టుకుని రేసులకి బయల్దేరాడు. ఆ ఊరి జనాభా ఇప్పటికీ పదిహేను వందలు దాటదు. మొదటి రేసులోనే కారుకి దెబ్బ తగిలింది. ఇంటికి లాక్కొస్తుంటే దారిలో నిప్పంటుకుంది. ఇంకెవరైనా అయితే అక్కడితో దండం పెట్టేసేవారు.

పగలు ఎవరి పని వాళ్ళది. రాత్రి అయితే అందరూ షెడ్డులో కారు కిందే. గ్లెన్ నడిపేవాడు. 1934లో పుట్టిన తమ్ముడు లెనార్డ్ మెకానిక్కు. డెలానో, క్లే, రే లీ కూడా తలో చెయ్యి వేసేవారు. జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి ఇంటివాళ్ళే జట్టు.

లెనార్డ్ గమనించింది ఏమిటి?

రేసు మధ్యలో కారు పెట్రోలుకీ టైర్లకీ ఆగే చోటుని పిట్ అంటారు. ఆ రోజుల్లో అక్కడ ఆగితే నిమిషం పైనే పట్టేది. అందరి ధ్యాసా ఇంజిన్ మీదే. ఇంకో నాలుగు హార్స్ పవర్ ఎలా లాగాలి అన్నదే గోల. లెనార్డ్ మాత్రం ఆగిన కారు వైపు చూశాడు.

మనమూ ఒక చిన్న లెక్క వేద్దాం. డేటోనా ట్రాక్ ఒక చుట్టు రెండున్నర మైళ్ళు. గంటకి 150 మైళ్ళ వేగంతో పోతే ఆ చుట్టుకి సరిగ్గా 60 సెకన్లు. అంటే ఆగిన ప్రతిసారీ పది సెకన్లు మిగిలిస్తే, ఆరుసార్లు ఆగేసరికి ఒక చుట్టు మొత్తం కలిసొచ్చినట్టే. అదే లాభం ఇంజిన్ నుంచి రాబట్టాలంటే ఎంత ఖర్చో ఆలోచించండి. ఇక్కడ అయ్యే ఖర్చు సాధన ఒక్కటే.

అందుకని వుడ్ సోదరులు పనిని ముక్కలు చేశారు. ఎవరు జాకీతో పరిగెత్తాలి, ఎవరు ఏ చక్రం దగ్గరికి వెళ్ళాలి, ఒకరికొకరు అడ్డం రాకుండా ఎటునుంచి తిరగాలి అని ముందే అనుకుని పదేపదే చేసి చూసుకున్నారు. తక్కువసార్లు కొడితేనే కారు లేచేలా లెనార్డ్ జాకీని మార్చుకున్నాడు. మనం పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టే టైమ్ అండ్ మోషన్ స్టడీ ఇదే కదా! కాకపోతే వాళ్ళు పుస్తకం చూసి చెయ్యలేదు, అవసరం కొద్దీ చేశారు.

1963లో ఫలితం కనబడింది. డేటోనా 500 రేసుకి కొద్ది రోజుల ముందు వాళ్ళ డ్రైవరు మార్విన్ పాంచ్ వేరే కారు నడుపుతూ ప్రమాదంలో, మంటల్లో చిక్కుకున్నాడు. అతన్ని బయటికి లాగినవాళ్ళలో టైనీ లండ్ ఒకడు. పాంచ్ బదులు 21వ నంబరు కారు లండ్ చేతికొచ్చింది. రేసంతా ఒకే సెట్టు టైర్ల మీద నడిపి, పెట్రోలుకి పోటీదారుల కంటే ఒకసారి తక్కువ ఆగి, లండ్ గెలిచాడు.

1965లో ఫోర్డ్ కంపెనీ వీళ్ళని ఏకంగా ఇండియానాపొలిస్ 500కి పిలిచింది. అది స్టాక్ కార్ల రేసు కాదు. డ్రైవరు స్కాట్లాండ్ వాడు జిమ్ క్లార్క్, కారు ఇంగ్లండ్ లో తయారైన లోటస్. అంతకు ముందు ఏడాది జరిగిన ఘోర అగ్నిప్రమాదం తర్వాత, ఒత్తిడి పెట్టి ఇంధనం నింపడం అక్కడ నిషేధించారు. ట్యాంకు పైనుంచి దానంతట అది కిందికి దిగాల్సిందే. లెనార్డ్ బృందం గొట్టాలూ జాయింట్లూ చూసుకుని, ప్రవాహానికి ఎక్కడా అడ్డు తగలకుండా సాఫీ చేసుకుంది. క్లార్క్ రెండే సార్లు ఆగాడు. రెండూ కలిపినా నిమిషం పట్టలేదు. 200 చుట్లలో 190 చుట్లు ముందుండి, రెండో కారు కంటే దాదాపు రెండు నిమిషాల ముందు గెలిచాడు. ఆ తర్వాత పిట్ లో ఎలా పని చెయ్యాలో నేర్చుకోవడానికి అందరూ వీళ్ళ వైపే చూశారు.

మంచి రోజులు, ఒక పొరపాటు

1972లో డేవిడ్ పియర్సన్ వచ్చాడు. 1973లో మొత్తం 28 రేసులైతే వీళ్ళు దిగింది 18, గెలిచింది 11. అన్నింట్లో దిగడానికి డబ్బు లేదు, అందుకని పెద్ద రేసులు ఎంచుకునేవారు. 1976 డేటోనా 500 చివరి మలుపులో పియర్సన్, రిచర్డ్ పెట్టీ గుద్దుకుని ఇద్దరూ గోడ పాలయ్యారు. పెట్టీ ఇంజిన్ ఆగిపోయింది. పియర్సన్ క్లచ్ తొక్కిపట్టి ఇంజిన్ ఆరిపోకుండా చూసుకున్నాడు. నుజ్జయిన కారుని సైకిల్ వేగంతో గీత దాటించాడు.

ఈ జంట 43 రేసులు గెలిచింది. విడిపోయింది దేని వల్లో తెలుసా? పిట్ వల్లే. 1979లో డార్లింగ్టన్ లో కుడి వైపు రెండు టైర్లే మారుస్తున్నారనుకుని పియర్సన్ కారు కదిలించాడు. అప్పటికే ఎడమ వైపు నట్లు విప్పేశారు. కొద్ది దూరంలోనే ఆ చక్రాలు ఊడిపోయాయి. కొన్ని రోజులకే ఎవరి దారి వారిదైంది. లోకానికి పిట్ పని నేర్పిన జట్టు, ఒక్క మాట అందక దెబ్బతింది. చేతుల వేగం ఎంతున్నా, చెప్పేవాడూ వినేవాడూ ఒకటే అనుకోకపోతే లాభం లేదు.

తక్కువ తిన్నా వంట మానలేదు

తర్వాత ఈ ఆట కోట్ల వ్యాపారమైంది. ఒక్కో యజమాని మూడు, నాలుగు కార్లు దింపేవాడు. వందల మంది ఉద్యోగులు, సొంత పరిశోధన విభాగాలు. నాలుగు కార్ల మీద నేర్చుకున్నది ఒక్క కారువాడికి ఎలా తెలుస్తుంది? గ్లెన్ పిల్లలు ఎడ్డీ, లెన్, కిమ్ పగ్గాలు పట్టేనాటికి పరిస్థితి అది. 2008లో డేటోనా 500కి అర్హత కూడా దక్కలేదు. అమ్మేసి తప్పుకోవచ్చు. వాళ్ళు అలా చెయ్యలేదు. 2009 నుంచి ఏడాదికి మూడోవంతు రేసుల్లోనే దిగి, ఉన్నంతలో మంచి కారు తయారు చేసుకున్నారు. 2011లో ఇరవయ్యో పుట్టినరోజు జరిగిన మర్నాడే ట్రెవర్ బేన్ అదే 21వ నంబరుతో డేటోనా 500 గెలిచాడు.

ఈ పొదుపుకి మూల్యం కూడా చెల్లించారు. 2016లో నాస్కార్ చార్టర్లనే శాశ్వత స్థానాలు పంచింది. అంతకు ముందు మూడేళ్ళూ అన్ని రేసుల్లో దిగినవాళ్ళకే అవి. అందరికంటే పాత జట్టుకి దక్కలేదు! అయినా ఆ ఏడే మళ్ళీ అన్ని రేసుల్లో దిగారు. పెన్స్కే అనే పెద్ద జట్టుతో సాంకేతిక పొత్తు పెట్టుకున్నారు. 2018కి చార్టర్ సంపాదించారు. గ్లెన్ 2019 జనవరిలో 93వ ఏట పోయాడు.

2024 ఆగస్టులో డేటోనాలో హారిసన్ బర్టన్ వాళ్ళకి నూరో విజయం తెచ్చాడు. మరుసటి ఏడాదికి అతన్ని ఉంచుకోవడం లేదని అప్పటికే చెప్పేశారు. అయినా ఆ కుర్రాడు చివరి చుట్టులో ముందుకొచ్చి గెలిచాడు. 1960లో మొదటి విజయం గ్లెన్ దే, తనే నడిపి గెలిచాడు. ఒకటి నుంచి నూటికి రావడానికి 64 ఏళ్ళు పట్టింది.

మన కాలేజీలో కూడా బగ్గీ తయారు చేసే బృందాలున్నాయి. బడ్జెట్ చాలట్లేదన్న మాట ప్రతి ఏడూ వింటాం. నిజమే, చాలదు. వచ్చేసారి ఇంజిన్ గురించి వాదన మొదలయ్యే ముందు, ఎవరైనా ఫోనులో స్టాప్ వాచ్ పెట్టి, మన బండికి ఒక చక్రం మార్చడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. అంకె రాసిపెట్టుకోండి. రేపు మళ్ళీ చెయ్యండి.