బంతితో పరుగెత్తితే తప్పెందుకు?
చీరాలలో ఏ బడి మైదానంలో బాస్కెట్‌బాల్ ఆడినా, బంతి పట్టుకుని పరుగెత్తితే ఈల మోగుతుంది. ట్రావెలింగ్! బంతి అవతలి జట్టుది.

ఎందుకు? 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించినప్పుడే బంతితో పరుగు కూడదన్నారు. పరుగెత్తనిస్తే, ఆపేవాళ్ళు మీదపడి లాగుతారు, దెబ్బలు తగులుతాయి.

నిలబడి బంతి అందుకున్నారా? ఒక పాదం ఎత్తగానే రెండోది పివట్ అవుతుంది. వృత్తలేఖిని ముల్లులా అది ఉన్నచోటే తిరగాలి, మరో కాలు ఎటైనా వేయొచ్చు. డ్రిబుల్, అంటే బంతిని నేలకు కొడుతూ కదలడం, మొదలుపెట్టాలంటే పివట్ పాదం లేవకముందే బంతి చేతిని వదలాలి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే! షాట్‌కైతే ఆ పాదం ఎత్తొచ్చు, కానీ అది మళ్ళీ నేలను తాకేలోపు బంతిని వదిలేయాలి.

పరుగులో అందుకుంటే రెండడుగులు వేయొచ్చు. బంతి చేజిక్కినప్పుడు నేలపై ఉన్న పాదాన్ని లెక్కించకూడదని 2017లో అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమం మార్చింది.