మెల్‌బోర్న్‌లో మన హైదరాబాద్

1956 డిసెంబరు 4, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్లో విరామం తర్వాత ఆట మొదలై కాసేపయింది. స్కోరు చూస్తే భారత్ 1, యుగోస్లావియా 0. గోల్ కొట్టింది బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా. నాలుగేళ్ల కిందట హెల్సింకీలో ఇదే యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది. వరసగా రెండు ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన ఆ జట్టు ఇప్పుడు మనకంటే వెనకబడి ఉంది.

ఆ ఆధిక్యం ఎంతోసేపు నిలవలేదు. ప్రత్యర్థులు వెంటవెంటనే మూడు గోల్స్ చేశారు. నాలుగోది మన ఆటగాడి కాలికి తగిలి మన వలలోనే పడింది. 4-1తో ఓడాం. మూడు రోజుల తర్వాత కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడాం. దక్కింది నాలుగో స్థానం. అయినా ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన తొలి ఆసియా జట్టు మనదే. ఆ తర్వాత ఇన్నేళ్లలో మనం ఆ మెట్టు దరిదాపులకు కూడా వెళ్లలేదు.

మెల్‌బోర్న్ కథను చాలామంది ఒక అద్భుతంలా, అదృష్టంలా చెబుతారు. మొదటి రౌండ్లో మనతో ఆడాల్సిన హంగేరీ తప్పుకోవడంతో నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు చేరిన మాట నిజమే. కానీ క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను వాళ్ల సొంతగడ్డ మీదే 4-2తో ఓడించింది అదృష్టం కాదు. ఆ రోజు నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు చేసిన మొదటి హ్యాట్రిక్ అది. టోర్నీ మొత్తమ్మీద నాలుగు గోల్స్‌తో అగ్రస్థానాన్ని మరో ఇద్దరితో కలిసి పంచుకున్నాడు. ఆ జట్టు వెనక ఏళ్ల తరబడి సాగిన ఒక పని ఉంది. అది జరిగింది ఎక్కువగా హైదరాబాద్ మైదానాల్లో. చేయించింది ఒక బడిపంతులు.

వట్టి కాళ్లతో మొదలు

స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టు మొదటిసారి ఒలింపిక్స్ బరిలో దిగింది 1948 జులై 31న, లండన్ శివార్లలోని ఇల్‌ఫర్డ్‌లో. కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్, నాగా కొండల నుంచి వచ్చిన వైద్య విద్యార్థి. ప్రత్యర్థి ఫ్రాన్స్. మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. బెంగళూరు ఆటగాడు సారంగపాణి రామన్ గోల్‌తో స్కోరు సమం చేశాం. దొరికిన రెండు పెనాల్టీలనూ చేజార్చుకుని చివరి నిమిషాల్లో మరో గోల్ సమర్పించుకుని 2-1తో ఓడాం. ఓడినా అక్కడి జనం మన ఆటను మెచ్చుకున్నారు.

1952లో ఆ మెప్పు కూడా మిగల్లేదు. హెల్సింకీ చలిలో, తడిసిన గడ్డి మీద వట్టి కాళ్లతో యుగోస్లావియాను ఎదుర్కొంటే ఫలితం 10-1. మన ఏకైక గోల్ అహ్మద్ ఖాన్‌ది. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే సాగేవి, ఒలింపిక్స్‌లో 90 నిమిషాలు. చివరి ఇరవై నిమిషాలు ఎలా ఆడాలో మన కాళ్లకు అలవాటే లేదు. ఆ ఓటమి తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. హెల్సింకీలో జట్టు కోచ్‌గా ఉన్న మనిషి మాత్రం నిందలకు కుంగిపోలేదు. అక్కడ స్వర్ణం గెలిచిన హంగేరీ ఆటను శ్రద్ధగా గమనించి ఇంటికి తిరిగొచ్చాడు.

రహీం సాబ్

ఆ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, నగరంలోని బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేసిన ఆ పంతులుకు సాయంత్రమైతే మైదానమే తరగతి గది. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, సిటీ పోలీస్ జట్టు కోచ్‌గా ఆయన చేసింది ఈనాటి అకాడమీలు చేయాల్సిన పని. అప్పటికి దేశంలో ఆ మాటే ఎవరూ ఎరగరు.

ఆయన పద్ధతులు చూస్తే ఇవాళ్టికీ ఆశ్చర్యమేస్తుంది. బలహీనమైన కాలితో కూడా బంతిని సమానంగా తన్నగలిగేదాకా వదిలిపెట్టేవారు కాదు. కుర్రాళ్లకు బంతి పట్టుకుని ఊరేగే అలవాటు పోవాలని డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నీలు పెట్టారు. బంతి అందగానే ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చెయ్యాలి, ఇచ్చాక ఖాళీలోకి పరుగెత్తాలి. మన ఆటలో అప్పటిదాకా జనం చప్పట్లు కొట్టేది ఒంటరి విన్యాసాలకే. ఆయన ఆ చప్పట్లను పాసులవైపు మళ్లించారు. 4-2-4 వ్యూహాన్ని బ్రెజిల్ 1958 ప్రపంచకప్‌లో లోకానికి పరిచయం చేయడానికి ముందే రహీం ఇక్కడ ప్రయోగించారని ఆయన శిష్యులు గర్వంగా చెప్పుకునేవారు.

ఫలితాలు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956, 57లలో రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలోనే భారత్ స్వర్ణం నెగ్గింది. మెల్‌బోర్న్ విమానం ఎక్కినవాళ్లలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం... అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల మట్టి తొక్కినవాళ్లే. కెప్టెన్ సమర్ బెనర్జీ, పీకే బెనర్జీ బెంగాల్ నుంచి, డిసౌజా బొంబాయి నుంచి వచ్చారు. ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్‌కు కలకత్తా ఒక కన్నయితే రెండో కన్ను హైదరాబాద్.

రోజుకో రూపాయి

బలరాం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఒక దేశం ఒలింపిక్ ఆటగాణ్ని ఎలా తయారుచేసుకుంటుందో ఆ ఒక్క జీవితం చూస్తే తెలుస్తుంది.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. ఫుట్‌బాల్ బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు పారేసిన పాత బూట్లతో చెప్పులు కుట్టే ఆయన చేత ఓ జత కుట్టించుకున్నానని పెద్దయ్యాక బలరామే చెప్పేవారు. ఓ లీగ్ మ్యాచ్‌లో ఆ కుర్రాడి ఆట రహీం కంటపడింది. సంతోష్ ట్రోఫీ ఎంపికకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ దాకా రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. అద్దె సైకిల్ కోసం రహీం రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చారు. ఆ సైకిల్ మీద వచ్చిన పిల్లాడు ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్‌లో ఒలింపియన్ అయ్యాడు. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి కలకత్తాను ఊపేశాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అంటే భారత ఫుట్‌బాల్ చరిత్రలో విడదీయలేని మూడు పేర్లు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు రహీం మంచితనం కంటే ఆయన పనితీరే ఎక్కువ కనిపిస్తుంది. కంటపడ్డ పిల్లాణ్ని పిలవడం, అతను రాలేకపోతే ఎందుకు రాలేకపోతున్నాడో అడగడం, ఆ అడ్డంకిని అక్కడికక్కడే తీసెయ్యడం. ఇదంతా ఒక మనిషి తన జీతంలోంచి చేశాడు. ఆ ఖర్చును ఒక సంస్థ భరించాల్సింది.

రోమ్‌లో ఆఖరిసారి

స్కోరులు మాత్రమే చూసేవాళ్లకు 1960 రోమ్ ఒలింపిక్స్ ఒక వైఫల్యం. గ్రూపులో మూడు మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు. కానీ కాస్త లోపలికి వెళ్లి చూడండి. ఆ గ్రూపులో హంగేరీ ఫ్రాన్స్‌ను 7-0తో, పెరూను 6-2తో చిత్తు చేసింది. అదే హంగేరీ మన మీద 2-1తో మాత్రమే గట్టెక్కింది. మన గోల్ బలరాం కొట్టాడు. వాళ్ల వైపు ఆడినవాడు ఫ్లోరియన్ ఆల్బర్ట్, తర్వాతి రోజుల్లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్న మనిషి. ఆ ఒలింపిక్స్‌లో హంగేరీకి కాంస్యం వచ్చింది. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో కెప్టెన్ పీకే గోల్‌తో ముందంజ వేసి, చివర్లో 1-1తో సరిపెట్టుకున్నాం. పెరూతో 3-1తో ఓడాం. నా దృష్టిలో ఆటపరంగా మెల్‌బోర్న్ జట్టు కంటే రోమ్ జట్టే మేలైనది. రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లో దాదాపు ఆ జట్టే ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది.

రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా రోమ్ బృందంలో ఉన్నాడు. మైదానంలో దిగే అవకాశం మాత్రం రాలేదు. కోచ్ తన తండ్రే అయినా రాలేదు. రహీం సాబ్ ఎలాంటివారో చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

జకార్తా నాటికే రహీంకు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. అదే ఏడాది అనారోగ్యంతో బలరాం ఆట మానేశాడు, ఇంకా ఇరవైల్లోనే ఉన్నాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీల్లో ఇరాన్ చేతిలో ఓడాం. అక్కడితో సరి. పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్ ఆడిన చివరి ఒలింపిక్స్ రోమ్‌వే.

జపాన్ ఎంచుకున్న దారి

మెల్‌బోర్న్ ఫలితాల పట్టికలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన మరో వరస ఉంది. మనం 4-2తో ఓడించిన ఆస్ట్రేలియా, అంతకుముందు మొదటి రౌండ్లో జపాన్‌ను 2-0తో ఇంటికి పంపింది. 1960లో రోమ్‌కు జపాన్ అర్హతే సాధించలేకపోయింది. అంటే ఆ రోజుల్లో వాళ్లు మనకంటే స్పష్టంగా వెనకున్నారు.

సరిగ్గా ఆ 1960లోనే వాళ్లు జర్మనీ నుంచి డెట్‌మార్ క్రామర్ అనే కోచ్‌ను పిలిపించారు. 1964లో సొంతగడ్డ మీద అర్జెంటీనాను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరారు. మరుసటి ఏడాదే దేశమంతటికీ కలిపి ఒక లీగ్ పెట్టుకున్నారు. 1968 మెక్సికోలో కాంస్యం గెలిచారు. ఏడు గోల్స్‌తో ఆ టోర్నీ అగ్రస్థానం వాళ్ల ఆటగాడు కామామోతోది. తర్వాత వాళ్లూ చాలాకాలం వెనకబడ్డారు. ఇరవై ఎనిమిదేళ్లు ఒలింపిక్ ఫుట్‌బాల్ మొహం చూడలేదు. కానీ 1993లో ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌ను 1-0తో ఓడించారు. అప్పటినుంచి ఒక్క ఒలింపిక్స్‌నూ వదల్లేదు.

క్రామర్ వెళ్లిపోయాక కూడా ఆయన పని అక్కడ సాగింది. రహీం వెళ్లిపోగానే మన దగ్గర ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో, అంటే రహీం చేతుల మీద పెరిగిన తరం ఇంకా మైదానంలో ఉన్నప్పుడే. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరూ ఆ ట్రోఫీ ఎత్తలేదు.

ఇరవై మూడేళ్ల గీత

1992 బార్సెలోనా నుంచి ఒలింపిక్స్ పురుషుల ఫుట్‌బాల్ 23 ఏళ్ల లోపు ఆటగాళ్లకు పరిమితమైంది. 1996 నుంచి ఆ వయసు దాటినవాళ్లకు జట్టుకు ముగ్గురి చొప్పున అవకాశం ఇచ్చారు. టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడటంతో ఒక్క 2021లో మాత్రం ఆ హద్దును 24 చేశారు. దీంతో ఆట స్వభావమే మారిపోయింది. ఇప్పుడు ఒలింపిక్ ఫుట్‌బాల్ అంటే ఒక దేశం తన పిల్లల్ని పదేళ్ల వయసు నుంచి ఎలా పెంచిందో చూపించే పరీక్ష. 1996లో నైజీరియా, 2000లో కామెరూన్ స్వర్ణాలు గెలిచింది ఈ పరీక్షలోనే. 2012లో దక్షిణ కొరియా జపాన్‌నే ఓడించి కాంస్యం అందుకుందీ ఇందులోనే.

ఇదే గీతను మెల్‌బోర్న్ జట్టుకు గీసి చూశాను. బలరాం, పీకే, తంగరాజ్... ముగ్గురి వయసూ అప్పుడు ఇరవయ్యే. డిసౌజా ఇరవై నాలుగేళ్లవాడు, పెద్దవాళ్ల ముగ్గురి కోటాలో హాయిగా వస్తాడు. ఇప్పటి నియమం ఆనాడే ఉన్నా మనకు పెద్దగా నష్టం జరిగేది కాదు. కుర్రాళ్లను వెతికి తయారుచేయడంలో మనం ఒకప్పుడు ఆసియాలో ముందున్నాం.

ఇప్పటి మన అండర్-23 జట్టు పరిస్థితి చూద్దాం. 2016 నుంచి ఆసియా దేశాలకు ఒలింపిక్స్ దారి ఆసియా అండర్-23 టోర్నీ మీదుగానే వెళ్తోంది. పారిస్‌కు ఆ దారిన జపాన్, ఉజ్బెకిస్థాన్, ఇరాక్ వెళ్లాయి. ఆ టోర్నీ ప్రధాన పోటీలకే మనం ఇంతవరకూ ఒక్కసారీ చేరలేదు. 2025 సెప్టెంబరులో దోహాలో దగ్గరదాకా వచ్చాం. బహ్రెయిన్‌ను 2-0తో, బ్రూనైని 6-0తో ఓడించి, ఆతిథ్య ఖతార్ చేతిలో 2-1తో ఓడాం. గ్రూపులో రెండో స్థానం. రెండో స్థానాల్లో నిలిచిన జట్లలో మెరుగైన నాలుగింటికే చోటు, అందులో మన పేరు లేదు. ఆ కుర్రాళ్ల ఆటలో నాకు సత్తా కనిపించింది. వాళ్లకు లేనిదల్లా చిన్నప్పటినుంచీ ఏటా ఆడాల్సిన గట్టి మ్యాచ్‌లు.

2036 ఒలింపిక్స్‌ను అహ్మదాబాద్‌కు తేవాలని భారత్ ప్రయత్నిస్తోంది. అది నెరవేరితే ఆతిథ్య దేశంగా ఫుట్‌బాల్‌లో మనకు నేరుగా చోటు దొరుకుతుంది. అప్పటికి వయసు నియమం మారకపోతే, ఆ ముగ్గురు పెద్దవాళ్లు తప్ప మిగతా జట్టంతా 2013 జనవరి 1న లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లే కావాలి. ఆ పిల్లలు ఇప్పటికే ఎక్కడో పుట్టి బడికి వెళ్తున్నారు. వాళ్లలో కొందరు సికింద్రాబాద్, విశాఖ, నిజామాబాద్, అనంతపురం మైదానాల్లో ఈ సాయంత్రం కూడా బంతి ఆడతారు. మన రెండు రాష్ట్రాల క్రీడాశాఖలు, ఫుట్‌బాల్ సంఘాలు వాళ్ల కోసం వయసులవారీ లీగ్‌ను ఏడాది పొడవునా నడపాలి, ప్రతి మండలానికీ శిక్షణ పొందిన కోచ్‌ను పంపాలి, మైదానం దాకా వచ్చే ఛార్జీలు ఇవ్వాలి. మొదలుపెట్టాల్సింది ఈ ఏడాదే.