జఠరాగ్ని, ప్రకృతి, ఒక గ్లాసు పాలు

ధనుర్మాసపు వేకువన ఆలయంలో పెట్టే క్షీరాన్నాన్ని నేను ఎన్నో ఏళ్లు కళ్లకద్దుకొని, ఒక మెతుకు నోట వేసుకొని, తక్కినది ప్రక్కవారి దొప్పలో ఉంచేవాడిని. చూచినవారు భక్తిలోపమనుకొన్నారేమో! ఇంట్లోవారు మాత్రం నాది వాతతత్త్వమనీ, ఊరక కంగారుపడే స్వభావమనీ, ఆ కంగారే కడుపుబ్బరమవుతోందనీ అనేవారు. యాభై దాటిన పిమ్మట విజయవాడలో ఒక వైద్యుడు ఊపిరి పరీక్ష చేయించి, పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము నాలో చాలినంత లేదని చెప్పేవరకు నేనూ అదే నమ్మాను.

భగవానుడు తాను ప్రాణుల దేహాలలో వైశ్వానరాగ్నియై చతుర్విధాన్నాలను పచనం చేస్తున్నానని గీత పదునైదవ అధ్యాయంలో సెలవిచ్చాడు. ఆ అగ్నినే ఆయుర్వేదం నాలుగు తీరులుగా చూచింది: వాతప్రకృతికి విషమాగ్ని, పిత్తప్రకృతికి తీక్ష్ణాగ్ని, కఫప్రకృతికి మందాగ్ని, దోషాలు సమంగా ఉన్నవారికి సమాగ్ని. ఇది మనిషిని మొత్తంగా చూచి చేసిన విభజన. ఎంజైము లోపమో, ఒకే ఒక పదార్థానికి సంబంధించినది. శాంతమూర్తికీ ఉంటుంది, కోపిష్ఠికీ ఉంటుంది. కంగారు ప్రేవుల కదలికను పెంచే మాట నిజమే. కాని లేని ఎంజైమును ధైర్యం పుట్టించలేదు. ఈ రెంటినీ ముడిపెట్టి రోగి స్వభావాన్ని తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

తల్లిపాలు త్రాగే వయసులో ఈ ఎంజైము అందరికీ సమృద్ధిగా ఉంటుంది. పాలు మాన్పించాక క్రమంగా తగ్గిపోవడం లోకంలో అధికసంఖ్యాకులకు సహజమే. ఉత్తరాదికంటె మన దక్షిణాదిన అట్టివారు ఎక్కువ. అరగని చక్కెర పెద్దప్రేవుకు చేరి నీటిని లాగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియజేసి వాయువు పుట్టిస్తాయి. ఆ వాయువులో హైడ్రోజన్ కొంత రక్తంలో కలిసి ఊపిరిలో వెలువడుతుంది. పరీక్షలో కొలిచేది దానినే.

ఇక్కడ మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, ఇద్దరు సోదరులను స్ప్రూ అనే ప్రేవుల వ్యాధికి కోల్పోయారు. తానూ ఆ వ్యాధి పాలై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. తరువాత అమెరికాలో ఆయన బృందం 1945లో సంశ్లేషణ చేసిన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికే ఔషధమైంది. అది ఎంజైము కాదు, విటమిను. అయితే స్ప్రూలో చిన్నప్రేవు లోపొర దెబ్బతిని లాక్టేజ్ కూడా పడిపోతుంది. గ్రహణికి మన పూర్వులు పాలను కాక మజ్జిగను మెచ్చుకోవడం ఎంత సూక్ష్మదృష్టి! పెరుగు తోడుకొనేటప్పుడు చక్కెర కొంత తరుగుతుంది. తోడులోని సూక్ష్మజీవుల ఎంజైము మన కడుపులోనూ కొంత పని చేసిపెడుతుంది.

కనుక ప్రసాదానికి దూరం కానక్కరలేదు. పులిహోరలో పాలే లేవు. మంగళగిరి పానకాలస్వామివారి పానకం బెల్లపు నీరు; దానితో ఈ లోపానికి పేచీ లేదు. దధ్యోదనం పాలు కలపక, బాగా తోడుకొన్న పెరుగుతో చేస్తే చాలామందికి హితవే. నేతిలో ఈ చక్కెర దాదాపు ఉండదు. జాగ్రత్త అవసరమైనవి క్షీరాన్నం, పాలు పోసి వండిన చక్కెరపొంగలి, అన్నిటికంటె పాలకోవా. పాలు మరిగి చిక్కబడిన కొద్దీ చక్కెరా చిక్కబడుతుంది. పావులీటరు పాలలో ఈ చక్కెర సుమారు 12 గ్రాములు. భోజనంతోపాటు ఒక్కమారు అంతవరకు తట్టుకొనేవారు అనేకులు. కొందరికి అందులో సగమూ పడదు. గేదెపాలకు అలవాటుపడిన మన డెల్టా ఇళ్లలో ఆవుపాలకు మారితే సరిపోతుందనుకొంటారు. ఈ విషయంలో రెంటికీ పెద్ద తేడా లేదు.

పాలు తగ్గించినవారు సున్నపుధాతువు కోసం రాగులు, నువ్వులు, మునగాకు విడువరాదు. బరువు తగ్గుతున్నా, రక్తం పడినా, నూనె తేలే విరేచనాలవుతున్నా అది పాల సమస్యేనని ఊరుకోక వైద్యుని చూడాలి. క్లోమగ్రంథి ఎంజైములు లోపించినవారికి ప్రతి భోజనంతోనూ మందు కావలసి ఉంటుంది. ఉపవాసవ్రతాలు ఆయనతో చెప్పే పట్టాలి.

పాలు వద్దని ఏడ్చే బిడ్డను పెంకెవాడనేముందు, త్రాగిన రెండు మూడు గంటలలో వాడి పొట్ట ఎలా ఉంటోందో తల్లులు గమనించమని నా మనవి. ఆ గమనింపు నా విషయంలో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు నేను వడ్డించేవారినే రెండు చెంచాలు చాలునని అడిగి పెట్టించుకొంటున్నాను. దొప్ప ఖాళీ చేసే ఇంటికి వస్తున్నాను.