స్వయంచాలక ఆజ్ఞలు – వాటి రూపాంతరములు

భూమి చేతులు మారినప్పుడు దస్తావేజు రిజిస్టరు చేయించుకొనుట మనకు తరతరములుగా తెలిసిన పద్ధతి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ అను పేర కంప్యూటర్లను ప్రవేశపెట్టిన నాటినుండి ఈ వివరములు డేటాబేసులలోనికి చేరసాగినవి. డేటాబేసులోని ఒక పట్టికలో వరుస చేరగానే, లేక మారగానే, ఎవరును చెప్పకుండనే పనిచేయు ఆజ్ఞను ‘ట్రిగ్గర్’ అందురు. మీట నొక్కినంతనే గుండు వెడలినట్లు ఇది తనంతట తాను కదలును.

నియమము మారినప్పుడే చిక్కు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినది. అంతకు పూర్వము మన ఊరు విశాఖపట్నం జిల్లాలోనిది. గ్రామమును బట్టి జిల్లా పేరు నింపు ట్రిగ్గర్ ఒకటి ఉన్నదనుకొందము. పాతదానిని తీసివేసి క్రొత్తది పెట్టిన చాలదా? చాలదు. 2021 నాటి దస్తావేజు వివరములలో ఒక అక్షరదోషమును దిద్దగానే క్రొత్త ట్రిగ్గర్ మేల్కొని, ఆనాటికి పుట్టని జిల్లా పేరును అందులో వ్రాయును. కాగితము ఒకటి చెప్పును, కంప్యూటర్ మరొకటి చెప్పును. రేపు వారసుల తగవులో ఆ భేదమే పెద్దదగును.

రెంటిని ఉంచుదమన్నను ఇబ్బందియే. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే సందర్భమునకు చెందిన ట్రిగ్గర్లు పేర్ల అక్షరక్రమమున నడచును. చివర నడచినదాని మాటయే నిలుచును. మైఎస్‌క్యూఎల్‌లో 2015లో 5.7 రూపము వచ్చువరకు ఒక పట్టికపై ఒక్కొక్క సందర్భమునకు ఒక్క ట్రిగ్గరే చెల్లెడిది. ఒరాకిల్ 2009లో ‘ఎడిషన్’ అను ఏర్పాటు తెచ్చి, పాత క్రొత్త రూపములు వేరువేరుగా జీవించుటకు వీలు కల్పించినది.

కావున మూడు జాగ్రత్తలు అవసరమని మేము తలచుచున్నాము. మొదటిది, ప్రతి రూపమును సంఖ్యతోను తేదీతోను డేటాబేసు వెలుపల ఫైలుగా భద్రపరచవలెను. లోపల నున్నది నేటి రూపము మాత్రమే. రెండవది, ఏ గ్రామము ఏ తేదీనుండి ఏ జిల్లాలోనిదో ఒక పట్టికలో వ్రాసియుంచి, ట్రిగ్గర్ రిజిస్ట్రేషన్ తేదీని చూచి దానినుండి గ్రహించునట్లు చేయవలెను. అప్పుడు సరిహద్దులు మారినను ట్రిగ్గర్‌ను మార్చ పనిలేదు. మూడవది, ఏ రూపము వ్రాసినదో ఆ సంఖ్యను వరుసలోనే నమోదు చేయవలెను. మార్పునకు ముందు పాత వరుసలపై పరీక్షించుటయు మరువరాదు.

కంప్యూటర్ విద్య నభ్యసించు మన విద్యార్థులు రేపు ఇట్టి కార్యాలయములలో పనిచేయుదురు. వారు వ్రాయు నాలుగు పంక్తుల ఆజ్ఞపై ఒక రైతు పొలము ఆధారపడి యుండునని గుర్తెరుగుదురు గాక.